మన గ్రంథాలయములోని జవాబుల పుస్తకము

మన పాఠశాల గ్రంథాలయమున తొమ్మిది బీరువాలు కలవు. వానిలోని పుస్తకములకు సంఖ్యలు కలవు, పట్టికయు కలదు. ఆ పట్టిక కెక్కని పుస్తక మొకటి బల్ల సొరుగులో నున్నది. అది ఎవ్వరును అచ్చువేసినది కాదు; వెల యిచ్చి కొన్నదియు కాదు. బజారు కొట్లలో లెక్కలు వ్రాసికొను పొడవైన రిజిస్టరు వంటిది. ఎఱ్ఱ అట్ట, మూలలకు గుడ్డ. గ్రంథాలయమునకు వచ్చినవారు మాటిమాటికి అడుగు ప్రశ్నలును, వానికి దొరకిన జవాబులును అందులో వ్రాయబడి యున్నవి. పిల్లలు దానిని జవాబుల పుస్తకమని పిలుతురు. అది యెట్లు పుట్టినదో, ఎట్లు వ్రాయబడుచున్నదో, దానివలన ప్రయోజనమేమో ఈ సంచికలో వ్రాయుమని సంపాదకులు కోరినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ఈ పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించువాడను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చుకొన్న ముఖ్యమైన విద్య ప్రశ్న అడుగుట. పాఠము మొదట ఏ ప్రశ్న, నడుమ ఏ ప్రశ్న, తుదకు ఏ ప్రశ్న అడుగవలెనో పాఠపథకములో వ్రాసి గురువులకు చూపించుచుంటిమి. ఎనిమిదేండ్ల క్రిందట గ్రంథాలయపు బాధ్యత కూడ నాకు అప్పగింపబడినప్పుడు ఆ వరుస తలక్రిందులయ్యెను. అచ్చట అడుగువారు పిల్లలు. జవాబు వెదకవలసినవాడను నేను. పిల్లలే కాదు, వారి తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు కూడ వచ్చి అడుగుచుందురు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దల మాట. అడుగుట తప్పు కాదని మనమును పిల్లలకు బోధించుచున్నాము. కాని అడిగిన బిడ్డకు పెట్టుటకు అమ్మ దగ్గర వండినది ఉండవలెను గదా!

మొదటి సంవత్సరము గడచులోగా నాకొక సంగతి తేటపడెను. ప్రశ్నలు లెక్కకు మిక్కిలిగా వచ్చుచున్నట్లు తోచును గాని, నిజమునకు అవి కొన్నియే. వానలకు వలెనే వానికిని కార్తెలు కలవు. జూన్ నెలలో బడులు తెరచినప్పుడు పాత ప్రవేశ రిజిస్టర్లను గూర్చియు, పుట్టిన తేదీలను గూర్చియు అడుగుదురు. ఆగస్టులో మన సీమ నుండి స్వాతంత్ర్య సమరమున పాల్గొన్నవా రెవరని అడుగుదురు. అక్టోబరు, నవంబరు నెలలలో రాష్ట్రావతరణమును గూర్చి అడుగుదురు. వేసవికి ముందు పోటీ పరీక్షలకు పోవు యువకులు వచ్చి నదులు, ఆనకట్టలు, జిల్లాల హద్దులు అడుగుదురు. మరుసటి యేడు వేరు పిల్లలు వచ్చి ఆ ప్రశ్నలే అడుగుదురు. మేమును ఆ బీరువాలే మరల తెరచి, ఆ పుటలే మరల వెదకుచుంటిమి.

ఆ దినములలో గ్రంథాలయమున ఒక వృద్ధుడు అటెండరుగా నుండెను. ఆయన చదువు ఐదవ తరగతితో ఆగినది. ఐనను ముప్పది యేండ్లు ఆ బీరువాల నడుమ తిరిగినందున, ప్రశ్న వినగానే "మూడవ బీరువా, క్రింది అర, నీలిరంగు అట్ట" అని చెప్పగలిగెడివాడు. ఉపాధ్యాయులు సైతము ఆయననే అడిగెడివారు. ఆయన ఉద్యోగము విరమించి ప్రొద్దుటూరులోని కుమార్తె యింటికి పోవలసిన దినము దగ్గరపడెను. ఆయనతోపాటు ఆ జవాబులన్నియు ప్రొద్దుటూరికి పోవునని నాకు తోచెను. బడి విడిచిన తరువాత నేను ఆయన చెంత కూర్చుండి, పిల్లలు ఎక్కువగా అడుగునవి ఏవి, వాని జవాబులు ఎచ్చట దొరకునని అడిగి వ్రాసికొంటిని. పదునొకండు సాయంకాలములు పట్టెను. జవాబుల పుస్తకములోని మొదటి నలువది ప్రశ్నలు ఆయన చెప్పినవే. చివరి సాయంకాలము ఆయన రిజిస్టరును చేతబట్టి పుటలు త్రిప్పి చూచి, "ఇంక నేను పోయినా పరవాలేదులే సార్" అని నవ్వి, సంచి భుజమునకు తగిలించుకొనెను.

ఆ పని విలువ మూడేండ్ల తరువాత మరింత బాగుగ తెలిసెను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె వచ్చి, "సార్, మా అబ్బ పుట్టిన ఊరు ఏ మ్యాపులోనూ లేదు. ఆ ఊరు నిజంగా ఉన్నిందా?" అని అడిగెను. విచారింపగా సంగతి తెలిసెను. శ్రీశైలము ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగినది. జలాశయము నిండవలసిన కాలము వచ్చినప్పుడు, 1981లో, కృష్ణా తుంగభద్రల యొడ్డున కర్నూలు, మహబూబునగరు జిల్లాలలోని ఊళ్లు ఖాళీ చేయింపబడెను. మొత్తముమీద సుమారు నూరు గ్రామములు నీటి పాలైనవి. వానిలో ఆ ముసలాయన ఊరొకటి. ఆయన చెప్పు చింతతోపు, రచ్చబండ, ఏటిగట్టు సంగతులను ఇంటిలోని మనుమలు కట్టుకథలనుకొనుచుండిరి. ఆయన అప్పటికే మంచము పట్టియుండెను. తాను పుట్టిన ఊరు ఒకటి ఉండెనని ఎవరైనను కాగితము మీద చూపవలెనని ఆయన కోరిక.

మన బీరువాలలో ఆ జవాబు లేకుండెను. క్రొత్త పటములలో ఆ చోట నీలిరంగు మాత్రమే కలదు. జలాశయమునకు ముందు అచ్చైన పుస్తకము కావలెను. మూడు వారములు వెదకిన పిమ్మట, 1961 జనాభా లెక్కలను అనుసరించి అచ్చైన కర్నూలు జిల్లా సెన్సస్ పుస్తకములో, తాలూకావారీ గ్రామముల పట్టికలో ఆ పేరు కనబడెను. ఊరి విస్తీర్ణము, ఇండ్ల సంఖ్య, జనసంఖ్య, చదువు వచ్చినవారి సంఖ్య అన్నియు ఒకే వరుసలో నుండెను. ఆ బాలిక ఆ వరుసను తన నోటుపుస్తకములో ఎక్కించుకొని పోయెను. మరునాడు వచ్చి, అబ్బ దానిని రెండుమార్లు చదివించుకొనెననియు, ఇండ్ల లెక్క విని "ఇంకా రెండిండ్లు ఉండాల" అని దెబ్బలాడెననియు చెప్పెను.

మేము ఆ ప్రశ్నను, జవాబును, పుస్తకము పేరును, పుట సంఖ్యను రిజిస్టరులో ఎక్కించితిమి. మరుసటి సంవత్సరము ఒక బాలుడు వచ్చెను. వాని కుటుంబము వేరు, ఇప్పుడు కాపురమున్న ఊరు వేరు. మునిగిన ఊరు మాత్రము అదియే. మూడు వారముల పని ఒక పుట త్రిప్పినంతలో ముగిసెను. అంతటితో ఆగలేదు. ఆ యూరికి వాడుకలో మరియొక పేరు కూడ ఉండెడిదని వాని జేజి చెప్పినదట. "వృద్ధురాలు చెప్పినది, అచ్చులో చూడలేదు" అను గురుతుతో ఆ పేరును క్రింద చేర్చితిమి.

ఇట్లు అడిగి వ్రాసి దాచుట మన సీమకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో కల్నల్ కాలిన్ మెకంజీ పంపిన మనుష్యులు దత్తమండలములలో ఊరూర తిరిగిరి. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు. కావలి వెంకట బొఱ్ఱయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలగు తెలుగువారు ఆయన క్రింద ఈ సేకరణపనిని నడపిరి. కరణములను, పూజారులను, వృద్ధులను వారు అడిగిన సంగతులు ఇంచుమించు అన్ని యూళ్లలోను ఒక్కటే. ఊరు ఎవరు కట్టిరి? ఏ రాజులు ఏలిరి? చెఱువు ఎవరు త్రవ్వించిరి? గుడికి మాన్యమెంత? ఆ జవాబులు వ్రాసిన కాగితములకే కైఫియత్తులని పేరు. 1821లో మెకంజీ మరణించిన పిమ్మట, చెడిపోవుచున్న ఆ తెలుగు కాగితములకు సి.పి. బ్రౌను ప్రతులు వ్రాయించెను. 1820లో కొలువునకై కడపకు వచ్చి తెలుగునకు అంకితమైన ఆ బ్రౌను బంగళా యుండిన తావున నేడు ఆయన పేరిట గ్రంథాలయమును, భాషా పరిశోధన కేంద్రమును కలవు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పూనికతో వెలసిన ఆ సంస్థ 2006 నుండి యోగి వేమన విశ్వవిద్యాలయములో భాగమైనది. కడప జిల్లా కైఫియత్తులు అచ్చట నుండి సంపుటములుగా వెలువడినవి. రెండు వందల యేండ్ల క్రిందట ఒక కరణము చెప్పిన జవాబును నేడు మన పిల్లలు చదువగలుగుట, అప్పుడొకరు అడిగి వ్రాసినందునను, తరువాత నొకరు కాపాడినందునను గదా!

1852లో వెలువడిన బ్రౌను తెలుగు ఇంగ్లీషు నిఘంటువును తెరచి చూచినచో, మాటకు అర్థముతోపాటు, ఆ మాట ఏ కావ్యమందు వాడబడెనో తెలుపు గురుతులు పలుచోట్ల కనబడును. నా మాట నమ్ముమనక, నీవే చూచుకొమ్మని చెప్పు పద్ధతి యది. మా రిజిస్టరునకు ఆ పద్ధతియే ఆదర్శము.

అందులో ఒక్కొక్క ప్రశ్నకు ఆరు గడులు కలవు. మొదటి గడిలో ప్రశ్న. అది అడిగినవారి మాటలలోనే వ్రాయవలెను. ఏలయన, రాబోవు పిల్లవాడు ఆ మాటలతోనే వచ్చును. పుస్తకములలో "దత్తమండలములు" అని యుండును, పిల్లవాడు "రాయలసీమకు ముందు పేరేమి?" అని అడుగును. రెండవ గడిలో జవాబు, రెండు మూడు వాక్యములకు మించకుండ. మూడవ గడిలో ఆధారము: పుస్తకము పేరు, అచ్చైన సంవత్సరము, పుట, బీరువా సంఖ్య. నాలుగవ గడిలో జవాబు వ్రాసిన తేది. ఐదవ గడిలో వెదకినవారి పొడి అక్షరములు. ఆరవ గడిలో, వెదకియు దొరకని చోట్లు.

ఈ ఆరవ గడి ఎందులకని పిల్లలు అడుగుదురు. దొరకని చోటు తెలియుటయు జవాబులో భాగమే. పాడుబడిన బావి యేదో తెలిసినవాడు ఆ వైపు కడవ తీసికొని పోడు. బైబిలులో ఎజ్రా గ్రంథము ఆరవ అధ్యాయము చదివినవారికి ఈ సంగతి జ్ఞాపకముండును. కోరెషు రాజు ఇచ్చిన ఆజ్ఞ యున్నదా యని దర్యావేషు రాజు బబులోనులోని దస్తావేజుల కొట్టులో వెదకించెను. అది దొరకినది మాత్రము మాదీయుల దేశమున. ఆ యొక్క పత్రము దొరకినందున మందిరపు పని ఆటంకము లేక సాగెను. నేటి కాలమున జపాను దేశపు జాతీయ డైట్ గ్రంథాలయము, 2005 నుండి, ఆ దేశపు పెక్కు గ్రంథాలయములకు వచ్చు ప్రశ్నలను ఒకచోట చేర్చు ఏర్పాటు నడుపుచున్నది. జవాబుతోపాటు వెదకిన దారిని కూడ అందు వ్రాయుదురు. జవాబు దొరకని ప్రశ్నలను సైతము విడువక చేర్చుదురు. కంప్యూటర్లతో వారు చేయుచున్న పనియే మనము ఎఱ్ఱ అట్ట రిజిస్టరుతో చేయుచున్నాము.

తేదీ గడిని గూర్చి ఒక ఉదాహరణము చెప్పెదను. ప్రతి ఆగస్టులోను వచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఏ జిల్లావాడు?" కుంపిణీ ప్రభుత్వముపై 1846లో తిరుగుబాటు లేవదీసిన ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఆ కాలమున కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలోనిది. కర్నూలు 1839 వరకు నవాబుల యేలుబడిలో నుండెను. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము తాలూకాలను కడప నుండి తీసి దానిలో చేర్చిరి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడగా కోయిలకుంట్ల అందులో చేరినది. ఆ వీరుని నేల ఒక్కటే. జిల్లా పేర్లు మూడు. 1847 నాటి కాగితముల కొఱకు కర్నూలు దస్త్రములలో వెదకువానికి శ్రమయే మిగులును. వాడు కడప దస్త్రములను వెదకవలెను. అందువలన మా పుస్తకములో ఆ జవాబు ఒక్క మాటతో లేదు. ఏ సంవత్సరమున ఏ జిల్లాయో వరుసగా వ్రాయబడి యున్నది. ప్రక్కన, 1875 నాటి గ్రిబుల్ గారి కడప జిల్లా మాన్యువల్, 1886 నాటి నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారి కర్నూలు జిల్లా మాన్యువల్ అను రెంటిని చూడుమని గురుతు కలదు.

2022 ఏప్రిల్ 4వ తేదీ గడచిన వారమున మేము రిజిస్టరు ముందు కూర్చుండి బెలుము గుహలు, అహోబిలము, యాగంటి, మహానంది అను పేర్లన్నిటి యెదుట ఎఱ్ఱ సిరాతో క్రొత్త జిల్లా పేరు వ్రాయవలసి వచ్చెను. పాత జవాబును కొట్టివేయలేదు. "ఈ తేదీ వరకు" అని దాని చివర చేర్చితిమి. మార్కాపురము 1858 వరకు కడప జిల్లా, 1970 వరకు కర్నూలు జిల్లా, ఆ యేడు ఏర్పడిన ప్రకాశము జిల్లాలో చేరినది; పిమ్మటి మార్పులకు తాజా రాజపత్రము చూడవలెనని అచ్చట వ్రాసియున్నది. జవాబు వ్రాసినంతనే పని ముగియదు. తోటకు వలెనే దానికిని కలుపు తీయుట కలదు.

కొన్ని ప్రశ్నలలోనే పొరపాటు దాగియుండును. "ఆంధ్రప్రదేశ్ మొదటి రాజధాని కర్నూలే కదా?" అని పిల్లలు అడుగుదురు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు రాజధాని. 1956 నవంబరు 1న తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హైదరాబాదు రాజధాని యయ్యెను. ఈ రెండు వాక్యములు వ్రాసియుంచుటవలన ఏటేట ఎందరో పిల్లలు పరీక్షలలో తప్పు వ్రాయకుండ తప్పించుకొనుచున్నారు.

మరికొన్నిటికి రెండు జవాబులు ప్రచారములో నుండును. రాయలసీమ అను పేరు పెట్టినదెవరు? 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దత్తమండలముల సభలో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు సూచించిరని చరిత్ర వ్రాసినవారిలో పెక్కుమంది చెప్పుచున్నారు. కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరు చెప్పువారును కలరు. ఇట్టిచోట మేము ఒకదానిని మ్రింగి మరియొకదానిని ఉంచము. రెండును వ్రాసి, ఒక్కొక్కదాని యెదుట అది ఏ పుస్తకములో నున్నదో వ్రాయుదుము. తూచుకొను పని చదువువానిది.

ఇంక వృద్ధుల మాటలను విప్పు ప్రశ్నలు. "మా జేజి వాళ్ల పెద్దలు ధాత కరువులో వలస వచ్చిరట; అది ఎప్పుడు?" 1876లో మొదలై 1878 వరకు మన సీమను దహించిన మహాక్షామమునకు, అప్పుడు నడచిన తెలుగు సంవత్సరమును బట్టి ధాత కరువని పేరు. అరువది యేండ్ల కొకసారి ఆ పేరు మరల వచ్చును గాన 1936లోను, 1996లోను ధాత సంవత్సరమే వచ్చెను. పెద్దలు సంవత్సరము పేరు చెప్పినప్పుడు ఏ చుట్టులోనిదో విచారింపవలెను. ఈ లెక్క తెలియుటకు ప్రభవ మొదలు అక్షయ వరకు అరువది పేర్లును, వాని యెదుట ఇంగ్లీషు సంవత్సరములును రిజిస్టరు చివరి పుటలలో వ్రాసియుంచితిమి. ఆ పుటల అంచులే అన్నిటికంటె ఎక్కువ నలిగియున్నవి.

ఈ పనికి శాస్త్రమర్యాద కల్పించిన మహనీయుడు మన వృత్తివాడే యని చెప్పుటకు నాకు సంతోషము. షియాలి రామామృత రంగనాథన్ గారు సైదాపేట టీచర్స్ కాలేజీలో శిక్షణ పొంది, గణితోపాధ్యాయుడై, 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యెను. 1931లో వెలువడిన ఆయన గ్రంథాలయ పంచసూత్రములలో నాలుగవది, చదువరి కాలమును కాపాడుమనునది. అడిగినవానికి పుస్తకమును, పుస్తకమునకు చదువరిని జతపరచు రెఫరెన్సు సేవను గూర్చి 1940లో ప్రత్యేకముగ గ్రంథము వ్రాసెను. వెంటనే చెప్పగల జవాబులు కొన్ని, నాళ్లతరబడి వెదకవలసినవి కొన్ని యని ఆయన రెండు తెగలుగ విభజించెను. మునిగిన ఊరి ప్రశ్న మొదటిసారి రెండవ తెగలోనిది. వ్రాసియుంచినందున మరుసటి యేడు మొదటి తెగలో చేరినది. నాకు తెలిసినంతలో ఈ పుస్తకము చేయు పని యంతయు ఇదియే. ఒకని కష్టమును వేరొకనికి సుకరము చేయుట.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు పాటుపడిన పెద్దలలో పైన చెప్పిన హరిసర్వోత్తమరావు గారును ఒకరు. 1948లో మదరాసు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వచ్చెను. అప్పటికి కర్నూలు, కడప జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. అట్టివారు పుట్టిన సీమలో పిల్లల ప్రశ్నకు జవాబు దొరకక మరలిపోవుట తగదు.

కొందరు సహోపాధ్యాయులు నాతో ఇట్లనిరి: "జవాబు సిద్ధముగ నున్నచో పిల్లలు వెదకుట మానుదురు గదా? వెదకుటయే చదువు గదా?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. శిక్షణ కళాశాలలో నేనును అదియే నేర్చితిని. ఆలోచించి ఒక కట్టుబాటు చేసికొంటిమి. పాఠము కొఱకు అడుగు ప్రశ్నకు జవాబు గడిని కాగితముతో కప్పి, ఆధారపు గడిని మాత్రము చూపుదుము. పిల్లవాడు పోయి ఆ పుట చదివి తానే వ్రాసికొనును. అవసరము కొఱకు అడుగు ప్రశ్నకు, అనగా పింఛను కొఱకో, భూమి కాగితము కొఱకో, మంచము పట్టిన అబ్బ కొఱకో అడుగు ప్రశ్నకు, జవాబు వెంటనే ఇత్తుము. దప్పిగొన్నవానికి బావి త్రవ్వుట నేర్పరాదు. ముందు నీళ్లు పోయవలెను.

మరికొందరు, సెల్ ఫోను చేతిలో నుండగా ఈ రిజిస్టరు ఎందులకనిరి. ఫోను చెప్పు జవాబులు మేమును చూచుచునే యున్నాము. నదుల పొడవులు, రాజ్యముల తేదీలు అది క్షణములో చెప్పును. కాని కోయిలకుంట్ల జిల్లాను అడిగినచో ఏ సంవత్సరపు కోయిలకుంట్ల యని అది యెదురడుగుట అరుదు. మన పాఠశాల పాత పేరు, మునిగిన ఊరికి ఒక జేజి చెప్పిన వాడుక పేరు, ఫలాని మాన్యువల్ ఏ బీరువాలో నున్నది, ఇవి ఎవరో ఒకరు వ్రాసిననే గాని ఏ యంత్రమునకును తెలియవు. ఫోనులో దొరకిన జవాబును కూడ మేము రిజిస్టరులో వ్రాయుదుము. కాని ఒక పుస్తకములోనో, ప్రభుత్వ పత్రములోనో సరిచూచిన తరువాతనే.

వ్రాయకూడనివియు కలవు. అడిగినవారి పేర్లు మేము వ్రాయము. పాత ప్రవేశ రిజిస్టర్లలో బిడ్డల కులము, తండ్రి వృత్తి, ఎవరి యింట కష్టముండెనో తెలుపు గురుతులు నుండును; అవి ఆ బిడ్డలవి, వారి సంతానమువి. ఒకమారు కూలిపని చేసికొని బ్రదుకు వృద్ధురాలు వచ్చి, పింఛనునకు వయస్సు ఋజువు కావలెననియు, తాను ఈ బడిలో మూడవ తరగతి వరకు చదివితిననియు చెప్పెను. ఆమె పుట్టిన తేదీ దొరకినది. కార్యాలయము వారు ధ్రువపత్రము ఇచ్చిరి. జవాబుల పుస్తకములో ఆమె పేరు లేదు, తేదీయు లేదు. "పాత విద్యార్థి వయస్సు ఋజువునకు ఏ రిజిస్టరు చూడవలెను, ఎవరికి అర్జీ వ్రాయవలెను" అను ప్రశ్నయు, దాని జవాబును మాత్రమే కలవు. ఆమె తరువాత అట్టివారు ఐదుగురు వచ్చిరి. ఎవ్వరును రెండవమారు తిరుగవలసిన పని లేకపోయెను.

రిజిస్టరునకు రెండవ ప్రతి కూడ ఉన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పట్టణమును ముంచెత్తినప్పుడు ఎందరి కాగితములో నీటిపాలైనవి. వానకై మొగము వాచిన సీమకు కూడ వరద వచ్చును. కావున ప్రతి డిసెంబరులోను పదవ తరగతి పిల్లలు ఆ యేటి ప్రశ్నలను వేరొక పుస్తకమునకు ఎక్కించుదురు. దానిని మేడమీది గదిలోని యినుప బీరువాలో భద్రపరతుము. ప్రతి వ్రాయుచున్నప్పుడే వారు తప్పులు పట్టుదురు. పోయిన యేడు ఒక బాలుడు ఒక పుట సంఖ్య తారుమారైనదని కనిపెట్టి సరిచేసెను. అచ్చట ఇప్పుడు వాని పొడి అక్షరములు కలవు.

ప్రియ విద్యార్థులారా, నేటికి ఆ రిజిస్టరులో మూడు వందల పండ్రెండు ప్రశ్నలు కలవు. వానిలో పందొమ్మిదింటికి ఇంకను జవాబు దొరకలేదు. అవి పుస్తకము చివర, ధాత సంవత్సరపు పట్టికకు ముందు, విడిగా వ్రాయబడి యున్నవి. వేసవి సెలవులలో మీరు మీ యూళ్లకు పోవుదురు. మీ జేజిని, అబ్బను, గ్రామములోని పాత కరణముల యింటివారిని, గుడి పూజారిని, సంఘపు పెద్దను అడిగి చూడుడు. వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసి, ఎవరు చెప్పిరో, ఏ తేదీన చెప్పిరో క్రింద వ్రాసి తెండు. ఏమియు దొరకకపోయినచో, ఎవరెవరిని అడిగితిరో అదియైనను వ్రాసి తెండు. గ్రంథాలయము సోమవారము మొదలు శుక్రవారము వరకు, బడి విడిచిన తరువాత ఒక గంట తెరచియుండును. సొరుగు తాళము నాయొద్ద నున్నది, అడిగినచో ఇచ్చెదను.